ఉత్తర తెలంగాణ మాండలికాలు: లెక్కల్లో భాషాభేదం

ఒకే భాష ఊరు మారితే ఎంత మారుతుందో, ఆ మార్పులో దూరానికి, నదికి, వృత్తికి, వయసుకు, చదువుకు దేని వాటా ఎంతో సంఖ్యల్లో తేల్చే అధ్యయనాన్ని మాండలిక మాపనం అంటారు. మాటలను సేకరించడం, వాటిని పోల్చి దూరాలు కట్టడం, ఆ దూరాల వెనక ఉన్న కారణాలను పరీక్షించడం ఇందులోని మూడు దశలు. గోదావరికి అటూ ఇటూ ఉన్న పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ఈ అధ్యయనానికి అరుదైన క్షేత్రం. ఇక్కడ తెలుగులోనే పలు రూపాలున్నాయి. గోండి, కొలామి తరతరాలుగా ఈ నేల మీదివే. మరాఠీ, ఉర్దూ పక్కనే వినిపిస్తాయి. ద్రావిడ భాషల చరిత్రను గణాంకాలతో పరిశీలించిన ముఖ్యమైన పరిశోధనలు కొన్ని ఇక్కడి గోండి సామగ్రిని ఆధారం చేసుకున్నాయి.

ప్రాంతం, ప్రజలు

2011 జనగణన నాటికి కరీంనగర్ జిల్లా జనాభా 37,76,269. ఆదిలాబాద్ జిల్లా జనాభా 27,41,239. 2016 అక్టోబరు 11న జిల్లాలను పునర్వ్యవస్థీకరించారు. పాత ఆదిలాబాద్ నుంచి ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలు వచ్చాయి. పాత కరీంనగర్‌లో ఎక్కువ భాగం కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలైంది. మిగిలిన మండలాలు సిద్దిపేట, వరంగల్, భూపాలపల్లి వైపు చేరాయి. జిల్లా హద్దు ఒక్కరోజులో మారుతుంది. మాట అలా మారదు. అందుకే మాండలిక పరిశోధకులు ఇప్పటికీ పాత జిల్లాల పేర్లతోనే మొదలుపెట్టి, ఊరి స్థాయిలో లెక్క చూస్తారు.

1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు ఆదిలాబాద్ జిల్లాలోని కిన్వట్, రాజురా ప్రాంతాలు అప్పటి బొంబాయి రాష్ట్రంలో కలిశాయి. నేడవి మహారాష్ట్రలో ఉన్నాయి. పాలన హద్దుకు అటువైపు కూడా తెలుగు, గోండి, కొలామి కొనసాగుతున్నాయి. కాబట్టి ఇక్కడి భాషాపటాన్ని రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆపేస్తే సగం కథే తెలుస్తుంది.

దేశం మొత్తం మీద 2011లో తెలుగును మాతృభాషగా చెప్పినవారు 8,11,27,740 మంది. గోండిని చెప్పినవారు 29,84,453 మంది. కొలామిని చెప్పినవారు 1,28,451 మంది. జనగణన అడిగేది భాష పేరునే. ఆ మనిషి 'వచ్చాడు' అంటాడో 'అచ్చిండు' అంటాడో దానికి తెలియదు. మాండలిక మాపనం పని మొదలయ్యేది అక్కడ.

వినిపించే తేడాలు

ఉత్తర తెలంగాణ తెలుగును గుర్తుపట్టించే అంశాలను నాలుగు తరగతులుగా చూడవచ్చు.

మొదటిది ధ్వని. 'వచ్చిండు'లోని తొలి వకారం జారిపోయి 'అచ్చిండు' కావడం కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్ వైపు సాధారణం. 'స్త' అన్న జంట హల్లు 'త్త'గా మారడం మరో గుర్తు: వస్తున్న, చేస్తున్న, చూస్తున్న అన్న క్రియలు అత్తన్న, చేత్తన్న, చూత్తన్న అవుతాయి. సెలవు తీసుకుంటూ అనే 'పోయత్త' ఈ మార్పుకు ఇంటింటా వినిపించే ఉదాహరణ. చెరువు, చెయ్యి అన్నవి సెరువు, సెయ్యి అవుతాయి.

రెండోది క్రియారూపం. కోస్తా 'వచ్చాడు'కు ఇక్కడ 'వచ్చిండు'. రెండూ 'వచ్చినాడు' అన్న పాత రూపం బిడ్డలే. ఒకటి నకారాన్ని వదులుకుంది, మరొకటి దాన్ని నిలుపుకుని అచ్చును కుదించుకుంది. చేస్తాడు – చేస్తడు, చెయ్యాలి – చెయ్యాలె, రావడం లేదు – వస్తలేడు, పోవడం – పోవుడు అన్న జంటలు కూడా ఇలాంటివే.

మూడోది పదజాలం. తండ్రిని 'బాపు' అనడం, వేరుశనగను 'పల్లి' అనడం, మజ్జిగను 'సల్ల' అనడం, మొక్కజొన్నను 'మక్కలు' అనడం, కూలిపనిని 'కైకిలి' అనడం, స్నేహాన్ని 'సోపతి' అనడం ఈ కోవకు చెందుతాయి. వృత్తి మాటలు మరింత స్థానికం. సిరిసిల్లలో మరమగ్గాన్ని 'సాంచె' అంటారు.

నాలుగోది చిన్న మాటలు. గిట్ల, గట్ల, గిప్పుడు, గప్పుడు అంటూ ముందు గకారం చేరే రూపాలు. ఇంట్లోకు బదులు 'ఇంట్ల' వంటి విభక్తి రూపాలు. ఇవి సంభాషణలో మాటిమాటికీ వస్తాయి కాబట్టి గణాంక శాస్త్రజ్ఞుడికి ఇవే బంగారం. 'సాంచె' అన్న మాట రెండు గంటల సంభాషణలో ఒకసారి కూడా రాకపోవచ్చు. 'గట్ల' పది నిమిషాల్లోనే పలుమార్లు రావచ్చు.

పూర్వపు సర్వేలు

గ్రియర్సన్ పర్యవేక్షించిన భారతీయ భాషా సర్వే సంపుటాలు 1903–1928 మధ్య వెలువడ్డాయి. ముండా, ద్రావిడ భాషలకు కేటాయించిన నాలుగో సంపుటం 1906లో వచ్చింది. ఆ సర్వే హైదరాబాద్ సంస్థానంలో జరగలేదు. అందువల్ల కరీంనగర్, ఆదిలాబాద్ దాని పరిధికి వెలుపలే ఉండిపోయాయి. పొరుగున ఉన్న చాందా, వార్ధా, యవత్‌మాల్ వైపు నమూనాలే ఆ సంపుటానికి ఎక్కాయి.

తెలుగు మాండలికాలను ఒక పద్ధతి ప్రకారం సేకరించిన తొలి పెద్ద ప్రయత్నం భద్రిరాజు కృష్ణమూర్తి ప్రారంభించిన మాండలిక వృత్తిపదకోశం. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వ్యవసాయ పదాల సంపుటాన్ని, 1971లో చేనేత పదాల సంపుటాన్ని ప్రచురించింది. రైతుల దగ్గరికి, నేతగాళ్ళ దగ్గరికి వెళ్ళి పనిముట్టు పేరు, దాని భాగాల పేర్లు, పనుల పేర్లు అడిగి, ఏ జిల్లాలో ఏ మాట ఉందో నమోదు చేశారు. ఆ సామగ్రి నుంచే కృష్ణమూర్తి తెలుగు నేలను నాలుగు భాషామండలాలుగా గుర్తించారు: విశాఖ, శ్రీకాకుళం వైపు తూర్పు మండలం, గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల మధ్య మండలం, రాయలసీమ, నెల్లూరు కలిసిన దక్షిణ మండలం, తెలంగాణ జిల్లాల ఉత్తర మండలం.

కరీంనగర్ జిల్లాకు చెందిన నలిమెల భాస్కర్ కూర్చిన తెలంగాణ పదకోశం ఈ ప్రాంతపు మాటలను విస్తారంగా పోగుచేసిన మరో గ్రంథం. పదకోశం ఒక మాట ఉందని సాక్ష్యం చెబుతుంది. ఆ మాట ఎంతమంది నోట, ఎంత తరచుగా, ఏ పోటీమాటతో కలిసి ఉందో చెప్పడానికి లెక్క కావాలి.

గీతల పటం నుంచి సంఖ్యల పటానికి

1876లో జర్మనీలో గేయోర్గ్ వెంకర్ కొన్ని వాక్యాలను బడిపంతుళ్ళకు పంపి, వాటిని స్థానిక మాటలో రాసి పంపమని కోరాడు. ఫ్రాన్సులో జిలియెరాన్ పర్యవేక్షణలో ఎడ్మోన్ ఊరూరా తిరిగి సేకరించిన సమాచారంతో 1902–1910 మధ్య భాషాపటాల సంపుటాలు వచ్చాయి. రెండు రూపాల మధ్య పటం మీద గీసే గీతను సమభాషారేఖ అంటారు. చాలా రేఖలు ఒకేచోట కట్టగా పడితే అక్కడ మాండలిక సరిహద్దు ఉందని పాత పద్ధతి.

చిక్కేమిటంటే రేఖలు ఒకదాని మీద ఒకటి పడవు. తెలంగాణలో 'బర్రె', గోదావరి జిల్లాల్లో 'గేదె', రాయలసీమలో 'ఎనుము' అని బడిలో చెప్పుకుంటాం. కాని 'బర్రె' గుంటూరు, ప్రకాశం వైపు కూడా వినిపిస్తుంది. 'వచ్చిండు' రేఖ మరోచోట ఆగుతుంది. 'అచ్చిండు' రేఖ తెలంగాణ లోపలే ఇంకోచోట పడుతుంది. ఏ రేఖను నమ్మాలి? ఫ్రాన్సులోని తులూజ్‌లో గాస్కనీ భాషాపటాలు తయారుచేసిన జాన్ సెగీ దీనికి 1973లో ఒక దారి చూపాడు. ఒక రేఖను ఎంచుకోవడం మానేసి, రెండు ఊళ్ళ మధ్య ఎన్ని అంశాల్లో తేడా ఉందో లెక్కించి శాతంగా చెప్పాడు. మాండలిక మాపనం అన్న పేరు పెట్టినవాడూ ఆయనే. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో హాన్స్ గోబుల్, నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో జాన్ నెర్బోన్, విల్బర్ట్ హేరింగా ఆ దారిని విస్తరించారు.

సెగీ పద్ధతిలో మొదటి జాగ్రత్త పదాల జాబితా. బర్రె, పల్లి, సల్ల, బాపు, మక్కలు అనే మాటలనే తీసుకుంటే కరీంనగర్‌కూ కాకినాడకూ మధ్య తేడా నూరు శాతానికి దగ్గర పడుతుంది. తల, కన్ను, రాయి, చెట్టు, నీళ్ళు తీసుకుంటే సున్నా దగ్గర ఆగుతుంది. రెండు జవాబులూ జాబితా చేసిన చేతివే. అందుకే ఏ పదాలు అడగాలో ఊరికి వెళ్ళకముందే నిర్ణయించుకోవాలి. తేడా కనబడిన మాటలను మాత్రమే ఏరుకోకూడదు.

రెండు మాటల మధ్య దూరం

'ఒకటే' లేదా 'వేరే' అన్న రెండు జవాబులతో సరిపెట్టకుండా తేడా పరిమాణాన్ని కొలవడానికి లెవెన్‌ష్టైన్ దూరం వాడతారు. రష్యన్ గణితవేత్త వ్లదీమిర్ లెవెన్‌ష్టైన్ 1965లో దీన్ని సంకేతాల్లో తప్పుల లెక్క కోసం ప్రతిపాదించాడు. 1995లో బ్రెట్ కెస్లర్ దీన్ని ఐరిష్ మాండలికాలకు అన్వయించాడు. ఒక మాటను మరో మాటగా మార్చడానికి కనీసం ఎన్ని ధ్వనులను చేర్చాలి, తీసేయాలి, మార్చాలి అన్నదే ఆ దూరం.

'వచ్చాడు'లో ధ్వనులు ఏడు: వ్, అ, చ్, చ్, ఆ, డ్, ఉ. 'వచ్చిండు'లో ఎనిమిది: వ్, అ, చ్, చ్, ఇ, న్, డ్, ఉ. మొదటిది రెండోది కావాలంటే 'ఆ'ను 'ఇ' చేయాలి, ఒక నకారం చేర్చాలి. దూరం 2. పెద్ద మాటలోని ధ్వనుల సంఖ్యతో భాగిస్తే 0.25. 'వచ్చిండు' నుంచి 'అచ్చిండు'కు వకారం ఒక్కటి తీస్తే చాలు; దూరం 1. 'వచ్చాడు' నుంచి 'అచ్చిండు'కు దూరం 3. ఇలా వందలాది మాటలకు కట్టిన దూరాల సగటే రెండు ఊళ్ళ భాషల మధ్య దూరం.

ఈ లెక్క తెలుగులో చేసేవారు ఒక సంగతి గమనించాలి. అక్షరాలను లెక్కిస్తే 'వచ్చాడు', 'వచ్చిండు' రెండూ మూడేసి అక్షరాల మాటలు; తేడా నడిమి అక్షరం ఒక్కటే. మన లిపిలో హల్లు, అచ్చు, సున్న ఒకే అక్షరంలో ఒదిగిపోవడమే దీనికి కారణం. రాతను విప్పి ధ్వనులుగా పరిచిన తరువాతే దూరం కట్టాలి. అచ్చు పుస్తకంలోని అక్షరాలను నేరుగా యంత్రానికి ఇస్తే మన మాండలికాల మధ్య తేడా తప్పుగా కనిపిస్తుంది.

'బర్రె', 'గేదె', 'ఎనుము' వంటి మాటల మధ్య ధ్వనుల దూరం కట్టడంలో అర్థం లేదు. అవి వేరువేరు మూలాల మాటలు. వాటికి సెగీ చెప్పిన అవును–కాదు లెక్కే తగినది. ఒకే మూలం నుంచి వచ్చిన రూపాలకు లెవెన్‌ష్టైన్ దూరం తగినది. రెండు లెక్కలనూ వేరుగా చూపితే పదజాలం ఎక్కడ మారిందో, ఉచ్చారణ ఎక్కడ మారిందో విడివిడిగా తెలుస్తుంది.

ఎంతమందిని అడగాలి?

పాత సర్వేల్లో ఊరికి ఒకరిద్దరు ముసలివాళ్ళను, అదీ ఊరు దాటని మగవాళ్ళను, అడగడం ఆనవాయితీ. దాంతో ఆడవాళ్ళ మాట, యువకుల మాట లెక్కలోకి రాకుండా పోయాయి. అమెరికాలో విలియం లబోవ్ 1960ల్లో న్యూయార్క్ నగరంలో చేసిన పరిశోధనలు దీన్ని మార్చాయి. ఒకే మనిషి ఒకే గంటలో రెండు రూపాలూ వాడతాడని, వాటి నిష్పత్తి వర్గాన్నీ వయసునూ సందర్భాన్నీ బట్టి క్రమంగా మారుతుందని ఆయన చూపాడు. మన దగ్గరా అంతే. ఇంట్లో 'అత్తన్న' అన్న పిల్లవాడే బడిలో 'వస్తున్నాను' అంటాడు. అతను ఏ మాండలికం మాట్లాడతాడన్న ప్రశ్న కన్నా, ఎక్కడ ఎంత శాతం ఏ రూపం వాడతాడన్న ప్రశ్న సత్యానికి దగ్గర.

నమూనా పరిమాణం విషయంలో సూత్రం సరళం. ఒక రూపాన్ని సగం మంది వాడుతున్నారనుకుందాం. యాదృచ్ఛికంగా ఎంచిన 100 మందిని అడిగితే ఆ అంచనా పది శాతం అటూ ఇటూ ఊగుతుంది. 400 మందిని అడిగితే అయిదు శాతం. ఊగు సగానికి తగ్గాలంటే మనుషులు నాలుగింతలు కావాలి.

కాని భాష విషయంలో ఒక మెలిక ఉంది. ఒక ఊరివాళ్ళు ఒకరిలా ఒకరు మాట్లాడతారు. పది ఊళ్ళలో నలభైమంది చొప్పున 400 మందిని అడిగామనుకుందాం. సున్నా నుంచి ఒకటి దాకా ఉండే కొలతలో ఒకే ఊరివాళ్ళ మధ్య పోలిక 0.1 స్థాయిలో ఉన్నా, ఆ 400 మంది ఇచ్చే సమాచారం విడివిడిగా ఎంచిన 82 మంది సమాచారంతో సమానం. అందుకే ఒకే ఊళ్ళో ఎక్కువమందిని అడగడం కన్నా ఎక్కువ ఊళ్ళు తిరగడం మేలు. అలాగే ఒక మనిషి నోట వెయ్యి సార్లు విన్న 'గట్ల' వెయ్యిమంది సాక్ష్యం కాదు. ఆధునిక పద్ధతులు మనిషికీ ఊరికీ మాటకూ వేరువేరు ఊగును కేటాయించి లెక్క కట్టేది ఇందుకే.

గోండి: లెక్కకు నిలిచిన భాష

ఉట్నూరు, ఇంద్రవెల్లి, నార్నూరు, జైనూరు, ఆసిఫాబాద్ వైపు గోండి వినిపిస్తుంది. మధ్యభారతమంతా పరుచుకున్న గోండిలో ఒక చివరి మాట మరో చివరివాళ్ళకు అంత సులభంగా అర్థం కాదు. పి.ఎస్. సుబ్రహ్మణ్యం 1968లో వెలువరించిన వ్యాకరణం ఆదిలాబాద్ గోండికి ఆధార గ్రంథం. గారపాటి ఉమామహేశ్వరరావు 1987లో గోండి మాండలికాల తులనాత్మక అధ్యయనం చేశారు. నార్నూరు మండలం గుంజాలలో 2006లో వెలుగుచూసిన రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది.

గణాంక దృష్టి నుంచి నాలుగు పరిశోధనలను చెప్పుకోవాలి. మొదటిది, కృష్ణమూర్తి, స్టాన్‌ఫర్డ్‌కు చెందిన గణాంక శాస్త్రజ్ఞుడు లింకన్ మోజెస్, డగ్లస్ డాన్‌ఫోర్త్ కలిసి 1983లో ప్రచురించినది. గోండి, కొండ, కుయి, కువి, పెంగో, మండ అన్న ఆరు భాషల్లో ఏది దేనికి దగ్గర చుట్టమన్నది ప్రశ్న. తమిళం 'ఉరల్'కు తెలుగు 'రోలు', తమిళం 'ఇరండు'కు తెలుగు 'రెండు' అయినట్టు, మాట నడుమ ఉన్న రేఫ మొదటికి దూకే మార్పు ఈ భాషల్లో మాటమాటకూ పాకుతూ వచ్చింది. ఏ భాషలో ఏ మాట ఇంకా మారకుండా మిగిలిందో చూసి, ఆరు భాషలతో కట్టగల 945 వంశవృక్షాలనూ కంప్యూటర్‌తో పరీక్షించి, ఈ సమాచారానికి ఏది బాగా సరిపోతుందో తేల్చారు. మారిన మాటలకన్నా మారని మాటలే చుట్టరికానికి మంచి సాక్షులన్నది వారి ప్రతిపాదన.

రెండోది డేవిడ్ బైన్ 1994 నాటి సర్వే. ఆయన గోండి ఊళ్ళలో పదజాబితాలు సేకరించాడు. ఒక ఊరి కథను రికార్డు చేసి మరో ఊళ్ళో వినిపించి, ప్రశ్నలు వేసి, ఎంత అర్థమైందో మార్కులు వేశాడు. మాటల పోలిక ఒకటి, వినేవాళ్ళ గ్రహింపు మరొకటి. రెండూ పక్కపక్కన పెట్టినప్పుడే ఏ ఊరివాళ్ళకు ఏ పుస్తకం పనికొస్తుందో చెప్పగలం.

మూడోది కృష్ణమూర్తి 1998లో ప్రచురించిన అధ్యయనం. ద్రావిడ మూలంలోని తొలి చకారం గోండిలో సకారమైంది. కొన్ని మాండలికాల్లో అది హకారంగా, మరికొన్నింటిలో శూన్యంగా మారింది. ఉప్పును ఆదిలాబాద్ గోండిలో 'సోవర్' అంటారు. బస్తరు వైపు 'హోవర్', 'ఓవర్' రూపాలు వినిపిస్తాయి. ఈ మార్పు అన్ని మాటల్లో ఒక్కసారిగా రాలేదు. ఒక్కో మాటనూ పట్టుకుంటూ, ఒక్కో ప్రాంతానికీ పాకుతూ సాగింది. ఏ మాండలికంలో ఎన్ని మాటలు ఏ మెట్టు మీద ఉన్నాయో చూస్తే, మాట వెంట మాటగా వ్యాపించే మార్పు కూడా చివరికి నియమబద్ధంగానే ముగుస్తుందని తేలింది.

నాలుగోది తారక రామ, చాగ్రి చొల్తెకిన్, పావెల్ సోఫ్రోనియెవ్ 2017లో ప్రకటించిన గోండి మాండలికాల కంప్యూటర్ విశ్లేషణ. గోండి మాండలిక సామగ్రిని డిజిటల్ రూపంలోకి తెచ్చి, మాండలిక మాపనం, లోతైన యంత్రాభ్యాసం, జీవశాస్త్రం నుంచి తెచ్చుకున్న వంశవృక్ష పద్ధతులు అన్నిటినీ దాని మీద ప్రయోగించారు. ఆ పద్ధతులు చాలా వరకు ఒకదానితో ఒకటి ఏకీభవించాయి. కంప్యూటర్ లేని రోజుల్లో పండితులు చెవితో, కలంతో తేల్చిన విభజనతోనూ ఏకీభవించాయి. పాత పండితుల చెవి ఎంత సునిశితమో దీనితో రుజువైంది.

'సోవర్', 'హోవర్', 'ఓవర్' మాటలు మరో పాఠం కూడా చెబుతాయి. సాధారణ లెవెన్‌ష్టైన్ లెక్కలో ఈ మూడింటిలో ఏ రెండింటి మధ్య చూసినా దూరం ఒకటే. చరిత్రలో మాత్రం సకారం నుంచి శూన్యానికి రెండు మెట్లు. అందుకే ఏ ధ్వని ఏ ధ్వనిగా తరచుగా మారుతుందో సామగ్రి నుంచే నేర్చుకుని, తరచు జరిగే మార్పుకు తక్కువ దూరం, అరుదైన మార్పుకు ఎక్కువ దూరం ఇచ్చే పద్ధతులు వచ్చాయి.

కొలామి, అరువు మాటలు

ఆదిలాబాద్ కొలామి మీద సేతుమాధవరావు వ్యాకరణం 1950లో, మహారాష్ట్ర వైపు కొలామి మీద ఎమెనో గ్రంథం 1955లో వచ్చాయి. కొలామి మధ్య ద్రావిడ శాఖకు చెందినది. తెలుగు, గోండి దక్షిణ మధ్య శాఖవి. అయినా శతాబ్దాల సహవాసం వల్ల కొలామిలోకి తెలుగు మాటలు, మరాఠీ మాటలు ధారాళంగా చేరాయి. మాటల పోలికను గుడ్డిగా లెక్కిస్తే కొలామి తెలుగుకు ఉన్నదానికన్నా దగ్గర చుట్టంగా కనిపిస్తుంది. ఇరుగుపొరుగు వల్ల వచ్చిన పోలికను రక్తసంబంధం వల్ల వచ్చిన పోలిక నుంచి విడదీయడం ఈ ప్రాంతంలో ప్రతి గణాంకానికీ మొదటి పరీక్ష.

2018లో విష్ణుప్రియ కొలిపాకం బృందం 20 ద్రావిడ భాషల మౌలిక పదజాలం మీద బేయీసియన్ పద్ధతి ప్రయోగించి, ద్రావిడ కుటుంబం వయసు సుమారు 4,500 ఏళ్ళని అంచనా కట్టింది. అలాంటి లెక్కలు శరీరభాగాలు, సంఖ్యలు, నీరు, నిప్పు వంటి మాటలను ఎంచుకుని, గుర్తుపట్టగలిగిన అరువును పక్కన పెట్టేది ఈ కారణంగానే.

నది, దారి, వలస

దూరం పెరిగితే తేడా పెరుగుతుందన్నది సామాన్య సూత్రం. దాని మీద గోదావరి ప్రభావం ఎంత? ధర్మపురి దగ్గర, మంథని దగ్గర అవతలి ఒడ్డు కంటికి కనిపిస్తుంది. వానకాలంలో వంతెన లేని చోట అది చాలా దూరం. దీన్ని పరీక్షించే తీరు ఇది: ఒకే ఒడ్డున అంతే దూరంలో ఉన్న ఊళ్ళ జంటలను, ఏటికి అటూ ఇటూ అంతే దూరంలో ఉన్న జంటలను తీసుకుని భాషాదూరాలను పోల్చాలి. రెండో గుంపులో తేడా క్రమం తప్పకుండా ఎక్కువగా ఉంటే నది అడ్డుగోడ. లేకుంటే రేవులు, సంతలు, పెళ్ళి సంబంధాలు ఆ ఒడ్లను కలిపాయన్నమాట.

నార్వే గురించి షార్లొట్ గూస్కెన్స్ 2005లో ప్రచురించిన అధ్యయనంలో మాండలికాల తేడాకు నేటి ప్రయాణ సమయం కన్నా నూరేళ్ళ కిందటి ప్రయాణ సమయం బాగా సరిపోయింది. తాతల నాటి ఎడ్లబండి దారి మనవళ్ళ నోట ఇంకా పలుకుతుందన్నమాట. ఆదిలాబాద్ అడవుల విషయంలో కిలోమీటర్ల కన్నా పాత బాటలే సరైన కొలమానం కావచ్చు.

వలస మరో బలమైన కారణం. రామగుండం నుంచి మంచిర్యాల, బెల్లంపల్లి వరకు సింగరేణి గనులు పలు జిల్లాల కుటుంబాలను ఒకచోట చేర్చాయి. సిరిసిల్ల నేతన్నలు భీవండి, సూరత్, షోలాపూర్‌లకు వెళ్ళారు. జగిత్యాల, నిర్మల్ వైపు నుంచి వేలమంది గల్ఫ్ దేశాలకు పోయారు. పుట్టిన ఊరి పేరొక్కటే రాసుకునే సర్వే ఈ కదలికలను చూడలేదు. అమ్మ ఊరు, నాన్న ఊరు, బతికిన ఊళ్ళు, వాటిలో గడిపిన ఏళ్ళు కూడా నమోదు చేసుకోవాలి.

యంత్రం చెవి

భారతీయ విజ్ఞాన సంస్థ, ఆర్ట్‌పార్క్, గూగుల్ కలిసి చేపట్టిన 'వాణి' ప్రాజెక్టు దేశంలోని అన్ని జిల్లాల నుంచి మాట సేకరించే లక్ష్యంతో పనిచేస్తోంది. బొమ్మ చూపి, దాని గురించి సొంత మాటల్లో చెప్పమంటారు. చదివి వినిపించే వాక్యంలో 'వచ్చాడు' వస్తుంది. చూసి చెప్పే మాటలో 'అచ్చిండు' వస్తుంది. ఆ సేకరణలో కరీంనగర్ జిల్లా ఉంది. తెలంగాణ, కోస్తా, రాయలసీమ మాటలను స్వరం నుంచే గుర్తించే నమూనాల మీద పరిశోధకులు పనిచేస్తున్నారు. అవి ధ్వని తరంగం నుంచి గుణకాలు తీసి, ఒక్కో మాండలికానికి ఒక సంభావ్యతా చిత్రం కడతాయి.

తెలంగాణ అంతటినీ ఒకే పెట్టెలో వేస్తే కరీంనగర్ 'అత్తన్న', పాలమూరు 'వస్తున్న' ఒకటైపోతాయి. యంత్రానికి ఎన్ని పెట్టెలిస్తే అన్నే నేర్చుకుంటుంది. అందుకే ముందే పేర్లు పెట్టకుండా, మాటల దూరాలను బట్టి ఊళ్ళే గుంపులు కట్టేలా చేసే పద్ధతులు ముఖ్యం. పోలిక ఎక్కువగా ఉన్న ఊళ్ళను ముందు కలిపి, ఆపై పెద్ద గుంపులుగా చేర్చుకుంటూ పోయే పద్ధతి ఒకటి. ఊళ్ళ మధ్య దూరాలను కాగితం మీద రెండు దిక్కులకు కుదించి, దగ్గర మాటల ఊళ్ళు దగ్గరగా పడేలా చుక్కలు పెట్టే పద్ధతి మరొకటి. ఆ చుక్కలకు రంగులు వేసి పటం మీద పరిస్తే రంగు మెల్లగా మారుతూ పోవడం కనిపిస్తుంది. మాండలికం నిజ స్వభావం ఆ మెల్లని మార్పులోనే ఉంది.

ప్రయోజనం

'యాస' అన్న మాట చాలాకాలం తప్పు అన్న అర్థంలోనే వినబడింది. 'అత్తన్న' అన్న పిల్లవాణ్ణి సరిదిద్దాలని చూసిన చదువు, ఆ మాట వెనక ఉన్న నియమాన్ని చూడలేదు. వస్తున్న, చేస్తున్న, చూస్తున్న ఒకే నియమంతో మారతాయి. బస్తా, రస్తా, దోస్తు వంటి నామవాచకాలకు ఆ నియమం ఎంతవరకు వర్తిస్తుందో, ఏ వయసులో ఎక్కువో, ఏ ఊళ్ళో ఆగిపోతుందో లెక్కించి చూపవచ్చు. లెక్కకు నిలిచేది పొరపాటు కాదు, అది వ్యాకరణం.

దీని ఫలితం బడికీ, వైద్యానికీ, వ్యవసాయానికీ చేరాలి. గోండి, కొలామి పిల్లలకు ఏ ఊరి రూపంలో వాచకం రాస్తే ఎక్కువమందికి అందుతుందో గ్రహింపు పరీక్షలు చెబుతాయి. రైతు ఫోనులో 'మక్కలకు పురుగు పట్టింది' అంటే అర్థం చేసుకునే యంత్రాన్ని తయారుచేయాలంటే ఉత్తర తెలంగాణ మాట దాని శిక్షణలో తగినంత ఉండాలి. వైద్యుడికి రోగి మాట, న్యాయస్థానానికి సాక్షి మాట ఉన్నది ఉన్నట్టు అందాలంటే అనువాదకుడికి ఈ భేదాలు తెలియాలి.

కృష్ణమూర్తి 1962 సంపుటానికి మాటలిచ్చిన రైతుల మనవళ్ళు ఇప్పుడు పొలాల్లో, గనుల్లో, ఎడారి దేశాల్లో ఉన్నారు. అవే ప్రశ్నలతో అవే ఊళ్ళకు మళ్ళీ వెళితే, ఒక భాష రెండు తరాల్లో ఎంత కదిలిందో కొలవగల అరుదైన అవకాశం ఈ ప్రాంతానికి ఉంది. నాగలి పోయి ట్రాక్టరు వచ్చినచోట గొర్రు, గుంటుక, దంతె అన్న మాటలను ఇంకా ఎందరు గుర్తుపడతారో ఊరూరా అడిగి రాసుకోవాలి. ఆ మాటలు తెలిసిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. ప్రతి ఊళ్ళో వాళ్ళ దగ్గర కూర్చుని విని, ఎవరు ఏమన్నారో, ఎన్నిసార్లన్నారో నిజాయితీగా లెక్కపెట్టి దాచడం ఈ తరం పని.